నియమరాజు ఏలే కొండ

విజయనగరం నుంచి రాయపూరు వైపు సాగే రైలు పార్వతీపురం దాటిన కొద్దిసేపటికి మైదానాన్ని విడిచి కొండల నడుమకు ప్రవేశిస్తుంది. వరిచేలు సన్నబడి మడిచెక్కలవుతాయి. నాగావళి అప్పుడప్పుడు కిటికీలో మెరిసి మాయమవుతుంది. రాయగడ స్టేషనులో దిగిన తెలుగువాడికి పరాయి సీమకు వచ్చిన భావం వెంటనే కలగదు. బజారులో ఒడియాతో పాటు తెలుగూ ధారాళంగా వినిపిస్తుంది. ఇందుకు కారణం చరిత్రలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీ కింద ఉండేది.

రాయగడ దాటి రైలు ఉత్తరంగా సాగుతుంది. సింగపూర్ రోడ్, తెరువలి, బిస్సం కటక్, మునిగుడ. ఈ స్టేషన్ల మధ్య ఎడమవైపున ఒక నీలిగోడ వంటి పర్వతశ్రేణి ప్రయాణికుడిని వెన్నంటి వస్తుంది. అదే నియమగిరి. రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దున సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఈ కొండలు చూపుకు ప్రత్యేకంగా కనిపించవు. తూర్పు కనుమలలో ఇటువంటివి ఎన్నో ఉన్నాయి. అయినా ఈ కొండను గురించి లండను నగరంలో వాటాదారులు వాదించుకున్నారు. దీని కారణంగా ఇంగ్లండు చర్చి 2010లో ఒక గనుల కంపెనీలో తనకున్న వాటాలు అమ్మివేసింది. ఢిల్లీలో సర్వోన్నత న్యాయస్థానం పలుమార్లు దీనిపై ఉత్తర్వులు ఇచ్చింది. ఇంత జరిగిన తరువాత, కొండ భవితవ్యం తేల్చే మాట చెప్పవలసిందిగా 2013లో ఆహ్వానం అందుకున్నవారు పన్నెండు పల్లెల వాసులు. వారిలో చాలామందికి తమ పేరు రాయడం రాదు.

బుధవారపు సంత

నియమగిరి వాసులను మైదానంవారు చూడగలిగేది ముఖ్యంగా సంతలలోనే. బిస్సం కటక్ సమీపాన ఉన్న ఛటికోనలో బుధవారం నాడు సంత జరుగుతుంది. తెల్లవారక ముందే బయలుదేరి, కొండదారుల వెంట వరుసగా, ఒకరి వెనుక ఒకరుగా డోంగ్రియా కోదులు దిగి వస్తారు. స్త్రీల ముక్కులకు మూడేసి పోగులు, జడకొప్పులో లెక్కకు మించిన పిన్నులు, వాటి నడుమ ఒక చిన్న కత్తి. పురుషులు కూడా జుట్టు పెంచి దువ్వి ముడుస్తారు. భుజాన గొడ్డలి ఉంటుంది. కొందరి మెడ చుట్టూ కుట్టుపని చేసిన తెల్లని శాలువ ఉంటుంది. దాని పేరు కప్డాగండా. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కన్నెపిల్లలు దానిని కుట్టి అన్నదమ్ములకో, మనసిచ్చినవారికో బహూకరిస్తారు. అందులోని త్రికోణాలు కొండలకు గుర్తులు. 2024లో ఈ శాలువకు భౌగోళిక గుర్తింపు లభించింది.

వారి తట్టలలో ఏముంటాయో చూస్తే కొండ మీది బ్రతుకు తెలుస్తుంది. పసుపు, అల్లం, అరటిగెలలు, అనాస, పనస, కందులు, చోళ్ళు, సామలు, కట్టలు కట్టలుగా అడ్డాకులు. తిరిగి వెళ్ళేటప్పుడు వారి తట్టలలో ఉప్పు, ఎండుచేప, బట్ట ఉంటాయి. ఈ బేరంలో వారు చాలాకాలంగా నష్టపోతూనే ఉన్నారు. కొండమీది పసుపు నాణ్యమైనదే. దాని ధర నిర్ణయించేది మాత్రం కొండ కింది తూకపురాయి.

డోంగ్రియా అనే మాటకు కొండవారు అని అర్థం. కోదు జాతిలో ఇది ఒక శాఖ. జనసంఖ్య సుమారు ఎనిమిది నుంచి పది వేలు. ప్రభుత్వం వీరిని అత్యంత దుర్బలమైన గిరిజన సమూహాలలో ఒకటిగా గుర్తించింది. వీరు మాట్లాడే కువి భాషకు లిఖిత సాహిత్యం లేకపోయినా వంశం గొప్పది. భాషాశాస్త్రజ్ఞులు ద్రావిడ భాషలను శాఖలుగా విభజించినప్పుడు తెలుగు, గోండి, కుయి, కువి ఒకే శాఖకు చెందినవని తేల్చారు. సంతలో తెలుగు వర్తకుడూ డోంగ్రియా స్త్రీ ఒకరి మాట ఒకరికి తెలియక వేళ్ళతో లెక్కలు చెప్పుకుంటారు. భాషల వంశవృక్షంలో మాత్రం వారిద్దరూ దాయాదులు.

వాలు మీది వ్యవసాయం

ఛటికోన నుంచి కొండ ఎక్కే దారి మొదట పోడు చేలగుండా సాగుతుంది. ఏటవాలు భూమిలో చెట్టుచేమ నరికి, ఎండిన తరువాత కాల్చి, తొలకరికి పది పన్నెండు రకాల గింజలు కలిపి చల్లుతారు. చోళ్ళు, సామలు ముందు, కందులు చివర. ఒకటి పోయినా మరొకటి చేతికి వస్తుంది. రెండు మూడేళ్ళ తరువాత ఆ చెక్కను బీడు పెట్టి మరొకచోటికి మారుతారు. పోడు వల్ల దిగువ వాలులు కొన్ని బోడిబారిన మాట నిజం. కొండ నెత్తి మీది అడవిలో మాత్రం గొడ్డలి పెట్టరు. అది నియమరాజు స్థానం.

పల్లెలు చిన్నవి. ఎదురెదురుగా రెండు వరుసల పూరిళ్ళు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే, లోపలికి పోవాలంటే నడుము వంచవలసిందే. నడివీధిలో ధరణి తల్లికి రాళ్ళు పాతి ఉంటాయి. పెళ్ళికాని ఆడపిల్లలకు వేరుగా ఒక పెద్ద ఇల్లు ఉంటుంది. వారి ఆటపాటలు, కుట్టుపని అక్కడే. పూజలకు జాని, దేవతలతో మాట్లాడి రోగాలకు కారణం చెప్పడానికి బెజ్జుణి, తగవులకు పెద్దమనిషి, ఇలా ఊరి వ్యవహారాలకు ఎవరి బాధ్యత వారిది. కొండ కల్లు జీలుగు చెట్టు నుంచి దిగుతుంది. ఆ చెట్టు ఎవరిది, ఏ వాగు దాటితే ఏ వంశం వారి పోడు మొదలవుతుంది, ఏ బండ ఇద్దరికీ సరిహద్దు అనేది పిల్లలకు కూడా తెలుసు. సికాక, వడక, పుసిక, కద్రక మొదలైన వంశాల మధ్య కొండ అంతా ఇలా పంచబడి ఉంది. ఈ పంపకానికి కాగితం లేదు.

కాగితం లేకపోవడానికి కారణం వారి అశ్రద్ధ అనుకోవడం పొరపాటు. ఒరిస్సాలో భూమి సర్వేలు జరిగినప్పుడు పది శాతానికి మించి వాలు ఉన్న భూములను సాధారణంగా సాగుదారుల పేర నమోదు చేయలేదు. అవి ప్రభుత్వ భూములుగా రికార్డులకెక్కాయి. మైదానపు రైతుకు ఈ సూత్రం వల్ల వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. కొండ మీద పుట్టి, కొండ మీద పండించుకుని, కొండ మీదనే మరణించే జాతికి ఈ ఒక్క గీతతో సర్వస్వమూ పరాయిదైపోయింది. తాతముత్తాతల నాటి నుంచి దున్నుతున్న చేనులో డోంగ్రియా రైతు, చట్టం దృష్టిలో, ఆక్రమణదారు.

వారి దృష్టిలో మాత్రం కొండకు యజమాని ఉన్నాడు. అతడే నియమరాజు. నియమం అంటే ధర్మం, కట్టుబాటు. అనాస, మామిడి, పనస, గింజధాన్యాలు ఆయనే తమకు ఇచ్చాడని, అడవిని కాపాడవలసిందని ఆయనే ఆజ్ఞాపించాడని వారి విశ్వాసం. మనుషులు ఆయన సంతానం. భూమిని అనుభవించడం వారి వంతు. అమ్మడం ఎవరి వంతూ కాదు.

జాతి పేరు మోసే శిల

నియమగిరి శ్రేణిలో ఒక శిఖరం పేరు నియమ్ డోంగర్. సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున దాని నెత్తి చదునుగా, విశాలంగా ఉంటుంది. పెద్ద చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. ఆ గడ్డి కింద ఎర్రని బాక్సైటు పొర ఉంది.

తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఒక శిలకు భూగర్భశాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. కోణార్కు సూర్యదేవాలయ నిర్మాణంలో వాడినది ఆ శిలనే. 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. ఆ శిల దొరికే కొండలలో నివసించే ఖోండులు, అంటే కోదులే, ఆ పేరుకు మూలం. లక్షల సంవత్సరాల వానలకు ఖోండలైట్‌లోని కరిగే పదార్థాలు కొట్టుకుపోగా మిగిలిన అల్యూమినియం ధాతువే ఈ బాక్సైటు. ఏ జాతి పేరును శిలకు పెట్టారో ఆ జాతిని అడగకుండానే ఆ శిల విలువ కట్టడం ఆ తరువాతి కథ.

బాక్సైటు పొర గుల్లగా, రంధ్రాలతో ఉంటుంది. వానకాలంలో కురిసిన నీటిని అది స్పంజిలా పీల్చి, ఎండకాలమంతా కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే నియమగిరి వాగులు చాలావరకు వేసవిలోనూ ఎండవు. ఇవి దిగువకు పారి వంశధారలో కలుస్తాయి. ఆ వంశధార శ్రీకాకుళం జిల్లా పొలాలను తడిపి, కళింగపట్నం వద్ద సముద్రంలో చేరుతుంది. తిరుమల కొండలలో కనిపించే అరుదైన బంగారు బల్లి ఈ కొండలలోనూ ఉంది. తేమ నిండిన బండల చీలికలే దానికి ఆవాసం.

నియమ్ డోంగర్ మీది బాక్సైటు నిల్వ సుమారు 7 కోట్ల 80 లక్షల టన్నులని అంచనా వేశారు. తవ్వకానికి కోరిన భూమి సుమారు 660 హెక్టార్లు. కొండ పాదాన, కలహండి జిల్లా లంజిగఢ్‌లో, ఏడాదికి 10 లక్షల టన్నుల అల్యూమినా తీసే శుద్ధి కర్మాగారానికి 2003లో ఒడిశా ప్రభుత్వంతో కంపెనీకి అంగీకారం కుదిరింది. వేదాంత అని పేరుగల ఆ కంపెనీ మాతృసంస్థ లండనులో ఉంది. గనికి అనుమతి రాకముందే కర్మాగారం లేచింది. దాని కోసం కొన్ని పల్లెలు ఖాళీ అయ్యాయి. 2007 నాటికి పొగ గొట్టాలు పనిచేయసాగాయి. ఖనిజం మాత్రం ఇంకా కొండ మీదనే ఉంది.

న్యాయస్థానం నుంచి పల్లెసభ వరకు

కొండప్రాంతాల వారికి ఖనిజమంటే ఏమిటో అప్పటికే తెలుసు. పొరుగున ఉన్న కాశీపూర్ ప్రాంతంలో మరొక బాక్సైటు పథకాన్ని ఎదిరించిన ఆదివాసులపై 2000 డిసెంబరు 16న మైకంచ్ గ్రామం వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. ఆ వార్త నియమగిరికి చేరడానికి పత్రికలు అవసరం లేకపోయింది.

దక్షిణాన, ఆంధ్ర సరిహద్దుకు ఇవతల, అంతకు ముందే ఒక ముఖ్యమైన తీర్పు వెలువడింది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాలలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులను సమత అనే సంస్థ సవాలు చేసింది. 1997 జూలై 11న సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదలాయించరాదన్న నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రైవేటు గనుల లీజులు చెల్లవని దాని సారాంశం. ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ చట్టాలపై ఆధారపడినది. ఒడిశాలో, నియమగిరి విషయంలో, గని లీజు ప్రభుత్వ సంస్థ అయిన ఒరిస్సా మైనింగ్ కార్పొరేషన్ పేరిట ఉండి, ఖనిజం కంపెనీకి చేరే విధంగా ఏర్పాటు జరిగింది.

వ్యాజ్యం ఢిల్లీకి చేరింది. 2007లో న్యాయస్థానం కొన్ని షరతులు సూచించింది. లంజిగఢ్ పథకం లాభాలలో ఏటా 5 శాతం గాని, 10 కోట్ల రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది ఆ ప్రాంత అభివృద్ధికి ఖర్చు చేయాలన్నది వాటిలో ఒకటి. 2008 ఆగస్టు 8న అనుమతి ఇచ్చింది. అంతవరకు జరిగిన వాదోపవాదాలలో అడవి ఉంది, ఏనుగులు ఉన్నాయి, ఉద్యోగాలు ఉన్నాయి, ఆదాయం ఉంది. కొండ మీది మనిషి అభిప్రాయం మాత్రం ఎవరి పత్రంలోనూ అవసరమైన కాగితంగా లెక్కకు రాలేదు.

ఈలోగా చట్టం మారింది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. అడవి బిడ్డలకు చరిత్రలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడమే తన ఉద్దేశమని ఆ చట్టం తన పీఠికలోనే చెప్పుకుంది. సాగుభూమి మీదనే గాక, ఊరి సామూహిక అడవి మీద, దుర్బల సమూహాల ఆవాసభూమి మీద కూడా హక్కులను గుర్తించింది. హక్కుల నిర్ణయంలో తొలిమెట్టు గ్రామసభ. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు ఇచ్చిన గౌరవానికి ఇది కొనసాగింపు.

కొండ మీద కూడా కదలిక పెరిగింది. లదో సికాక, కుమ్టి మాఝి మొదలైనవారి నాయకత్వాన నియమగిరి సురక్షా సమితి సభలు, పాదయాత్రలు జరిపింది. 2009 జనవరిలో వేలాది మంది కొండ చుట్టూ మానవహారంగా నిలిచారు. కేంద్రం నియమించిన ఎన్.సి. సక్సేనా సంఘం 2010 ఆగస్టులో నివేదిక సమర్పించింది. అటవీ హక్కుల చట్టాన్ని పాటించలేదని, డోంగ్రియాల మనుగడకే గని ముప్పు తెస్తుందని అది తేల్చింది. అది చేసిన ఒక లెక్క ప్రత్యేకంగా గమనింపదగినది. కర్మాగారాన్ని కంపెనీ కోరినట్లు ఆరు రెట్లు విస్తరిస్తే ఈ కొండ మీది ఖనిజం సుమారు నాలుగేళ్ళకే సరిపోతుంది. నాలుగేళ్ళ ముడిసరుకు కోసం ఎన్నడూ ఎండని వాగులను పణంగా పెట్టడం అన్నమాట. 2010 ఆగస్టు 24న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ తుది అటవీ అనుమతిని నిరాకరించారు. గనుల కార్పొరేషన్ మళ్ళీ న్యాయస్థానానికి వెళ్ళింది.

2013 ఏప్రిల్ 18న వెలువడిన తీర్పు దేశ న్యాయచరిత్రలోనే విశిష్టమైనది. గని వల్ల నియమరాజు ఆరాధనకు, తమ సామూహిక హక్కులకు భంగం కలుగుతుందా లేదా అన్నది గ్రామసభలే పరిశీలించి చెప్పాలని, ఆ సభలకు జిల్లా న్యాయమూర్తి హోదా గల అధికారి పరిశీలకుడుగా ఉండాలని సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. మూడు నెలలు గడువు ఇచ్చింది.

పన్నెండు సభలు

కొండ చుట్టూ నూరుకు పైగా పల్లెలు ఉండగా రాష్ట్ర ప్రభుత్వం పన్నెండింటినే ఎంపిక చేసింది. రాయగడ వైపు ఏడు, కలహండి వైపు ఐదు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఈ పరిమితిని ఆక్షేపించింది. సమితి కూడా నిరసన తెలిపింది. అయినా సభలకు సిద్ధమయింది.

అవి ఆషాఢ శ్రావణ మాసాలు. కొండలో వాన ముమ్మరంగా కురిసే రోజులు. జిల్లా న్యాయమూర్తి, రెవెన్యూ అధికారులు, పోలీసులు, విలేఖరులు బురదదారులు నడిచి పల్లెలకు చేరారు. తొలి సభ 2013 జూలై 18న సెర్కపాడిలో జరిగింది. ఓటర్లు 38 మంది. వచ్చినవారు 36 మంది. ఒక్కొక్కరు లేచి కువిలో మాట్లాడారు. ఆ మాటలను ఒడియాలో రాసుకున్నారు. చివర తీర్మానం మీద సంతకాలు, వేలిముద్రలు. గని వద్దన్నది ఏకగ్రీవం.

అక్కడి నుంచి కేసర్‌పాడి, తాడిజోల, కునకాడు, పాల్‌బేరి, బాతుడి. అన్నిచోట్లా అదే మాట. కలహండి వైపున ఉన్న ఇజిరుపాలో ఒకే ఒక్క కుటుంబం ఉంది. వారు ఆదివాసులు కూడా కారు. ఆ ఇల్లు గని పక్షాన మాట్లాడుతుందని ఆశించినవారు ఉంటే నిరాశ పడి ఉంటారు. ఆ కుటుంబం కూడా కొండను వదులుకోలేమన్నది. ఆగస్టు 19న జరపా అనే పల్లెలో చివరి సభ జరిగింది. అక్కడ ఓటర్లు ఇరవై మంది కూడా లేరు. పన్నెండుకు పన్నెండు సభలూ గనిని తిరస్కరించాయి.

ఈ సభలలో జరిగిన వాదం కేవలం గని కావాలా వద్దా అన్నది కాదు. అధికారుల చేతిలో నమూనా పత్రాలు ఉన్నాయి. ఈ ఊరికి ఇన్ని ఎకరాల సాగుభూమి, ఇంత సామూహిక అడవి, ఇక్కడ ఒక పూజాస్థలం అని వాటిలో గుర్తించవచ్చు. గుర్తించిన చోటును మినహాయించి మిగిలినదానిని లెక్క వేయవచ్చు. పల్లెవారు ఈ గీతను అంగీకరించలేదు. దేవుడు ఫలానా బండ మీద కూర్చుని లేడు, కొండ అంతా ఆయనదే అన్నారు. కొన్ని ఎకరాల పట్టాకు తృప్తిపడితే ఆ పట్టా బయట ఉన్నదంతా మాది కాదని ఒప్పుకున్నట్టవుతుందని వారు గ్రహించారు.

నియమగిరి కథలో అసలు కీలకం ఇక్కడ ఉంది. ప్రభుత్వం ఆ కొండను మూడుసార్లు కొలిచింది. మొదట వాలును కొలిచి, పది శాతం దాటింది కనుక తనది అన్నది. తరువాత ఖనిజాన్ని కొలిచి, ఇన్ని కోట్ల టన్నులు అన్నది. చివరకు భక్తిని కొలవబోయి, పన్నెండు పల్లెలకు, ఒక శిఖరానికి పరిమితం చేయబోయింది. ప్రతిసారీ కొలబద్ద మైదానం నుంచి తెచ్చినదే. గుడికి గోడలుంటాయి, పొలానికి గట్లుంటాయి, గనికి హద్దురాళ్ళుంటాయి. కొండకు ఇవేవీ లేవు. అక్కడ వాగు తెగితే చేను పోతుంది, చేను పోతే పల్లె పోతుంది, పల్లె పోతే పూజ చేసేవాడు ఉండడు. కనుక పూజాస్థలాన్ని విడిచి మిగిలినది తవ్వుకుంటామన్న మాట వారికి అర్థమే కాలేదు. ఈ సంగతి చెప్పడానికి వారికి కువి భాష చాలింది. వినడానికి మాత్రం ఒక న్యాయస్థానపు ఆదేశం కావలసివచ్చింది.

వద్దన్న తరువాత

2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గనికి అనుమతిని అంతిమంగా తిరస్కరించింది. గ్రామసభలను తిరిగి జరపాలని కోరుతూ 2016లో గనుల కార్పొరేషన్ సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఆ ఏడాది మే 6న ఆ విజ్ఞప్తి తిరస్కృతమయింది. నియమ్ డోంగర్ మీద గడ్డి అలాగే ఉంది. ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో వేలాది మంది ఆ శిఖరం ఎక్కి నియమరాజుకు ఉత్సవం చేస్తారు. దాని వెంట సభ కూడా జరుగుతుంది. అక్కడ పూజకూ రాజకీయానికీ మధ్య సరిహద్దు వెదకడం వృథా.

అయితే గని రాకపోవడం వేరు, భూమి తమదని తేలడం వేరు. న్యాయస్థానం గుర్తించినది వద్దనే హక్కును. కొండ మొత్తం తమ ఆవాసభూమి అని డోంగ్రియాలు కోరుతున్నది అంతకంటె పెద్ద హక్కు. తిరస్కారం ఒక పథకాన్ని ఆపుతుంది. మరొక పథకం వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి వద్దని చెప్పుకోవాలి. లంజిగఢ్ కర్మాగారం మూతపడలేదు. వేరే చోట్ల నుంచి తెచ్చిన ఖనిజంతో నడుస్తూనే ఉంది. దాని ఆకలి తీరనంత వరకు చుట్టుపక్కల కొండలకు నిశ్చింత లేదు. కేంద్ర హోం శాఖ 2016-17 వార్షిక నివేదిక సురక్షా సమితికి మావోయిస్టులతో సంబంధం అంటగట్టింది. సమితి దానిని ఖండించింది. 2023 ఆగస్టులో ఉద్యమకారులు తొమ్మిది మందిపై చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద కేసు నమోదయింది. ఆ చట్టపు సెక్షన్లను పోలీసులు తరువాత తొలగించారు.

అదే 2023లో సమీపంలోని సిజిమాలి కొండ బాక్సైటుకు వేదాంతను ఎంపిక చేశారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి గ్రామసభలు సమ్మతించాయని అధికార పత్రాలు చెబుతుండగా, అటువంటి సభలే జరగలేదని గ్రామస్తులు పలువురు న్యాయస్థానం మెట్లెక్కారు. నియమగిరిలో సభ నిజంగా జరిగింది. న్యాయమూర్తి కళ్ళెదుట జరిగింది. తీర్మానాన్ని అదే చోట చదివి వినిపించారు. రెంటి మధ్య తేడా గమనించినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. గ్రామసభ అనే మాట చట్టంలో ఉన్నంత మాత్రాన చాలదు. ఆ సభను ఎవరు పిలిచారు, ఎవరి భాషలో జరిగింది, ఎవరు చూస్తూ ఉన్నారు అన్నవాటి మీద దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఆంధ్ర మన్యానికీ ఇది పరాయి విషయం కాదు. చింతపల్లి, జెర్రెల కొండలలోనూ ఇదే బాక్సైటు ఉంది. అక్కడ తవ్వకాలకు వీలు కల్పిస్తూ 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు పెద్ద ఆందోళనకు కారణమయింది. చివరకు 2019లో రద్దయింది. ఒకే శిల, ఒకే భాషాశాఖకు చెందిన జనం, ఒకే ప్రశ్న.

నియమగిరి వాగులు దిగువకు పారి వంశధార అవుతాయి. గుణుపురం దాటి, శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశించి, గొట్టా బ్యారేజి వద్ద ఆ నీరు కాలువలకు మళ్ళుతుంది. కాలువ గట్టు మీద నిలిచి తన వంతు నీటి కోసం లస్కరును అడిగే రైతుకు సెర్కపాడి ఎక్కడుందో తెలియదు. 2013లో ఆ పల్లెసభ జరిగినప్పుడు అక్కడ అతనికి ఓటు లేదు. అతని పొలానికి వచ్చే నీటి పక్షాన ఆ రోజు చేతులెత్తినవారు 36 మంది.